పన్ను ఒకచోట, పథకం మరోచోట: సంపద పంపకంపై జనాభిప్రాయం ఎలా తయారవుతోంది?

సంక్షిప్తంగా: పేదలకు ప్రభుత్వం సాయం చేయాలనే మాటకు మన దేశంలో పెద్దగా వ్యతిరేకత లేదు. ఆ డబ్బు కోసం సంపన్నులపై పన్ను వేయాలన్న మాటకు మాత్రం మద్దతు దొరకదు. జనం స్వార్థం, ఉదారత మాత్రమే దీనికి కారణం కాదు. ఆదాయాల నిచ్చెనలో తమ మెట్టు ఏదో చాలామందికి తెలియదు. కొన్ని పన్నులు కంటికి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఇచ్చే ప్రభుత్వం ఒకటి, ఆదాయ పన్ను తీసుకునే ప్రభుత్వం మరొకటి. "కట్టేది మేము, తినేది వాళ్లు" అన్న వాదన ఈ మూడింటి మధ్య పుట్టింది.

2024 ఏప్రిల్ 6న హైదరాబాద్ శివార్లలోని తుక్కుగూడ సభలో రాహుల్ గాంధీ ఒక హామీ ఇచ్చారు. అధికారంలోకి వస్తే కులగణనతో పాటు దేశ సంపద ఎవరి చేతుల్లో ఉందో తేల్చే సర్వే కూడా చేస్తామన్నారు. రెండు వారాల తర్వాత రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా సభలో ప్రధాని నరేంద్ర మోదీ దానిపై విరుచుకుపడ్డారు. మీ బంగారం, చివరికి ఆడవాళ్ల మంగళసూత్రాలు కూడా లెక్కపెట్టి పంచేస్తారని హెచ్చరించారు. అదే సమయంలో అమెరికాలోని వారసత్వ పన్ను గురించి కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా చేసిన వ్యాఖ్య మంటను ఇంకా పెంచింది. అది ఆయన సొంత అభిప్రాయమని కాంగ్రెస్ వెంటనే పక్కకు తప్పుకుంది. అలాంటి పన్ను వేసే ఆలోచనే లేదని స్పష్టం చేసింది.

అదే ఎన్నికల్లో ఉచిత రేషన్‌ను మరో ఐదేళ్లు ఇస్తామని బీజేపీ, పేద కుటుంబంలోని మహిళకు ఏటా లక్ష రూపాయలు ఇస్తామని కాంగ్రెస్ చెప్పాయి. ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ కూటమి పింఛన్‌ను 4,000 రూపాయలకు పెంచుతామంది, గెలిచాక పెంచింది. ఇచ్చే విషయంలో పార్టీలన్నీ పోటీ పడ్డాయి. ఎవరి దగ్గర తీసుకుని ఇస్తారన్న చోట మాత్రం ఒక్క మాటకే ఎన్నికల ప్రచారం దడదడలాడింది. అసలు చిక్కుముడి ఇదే.

సిద్ధాంతం చెప్పిందొకటి, జరుగుతున్నదొకటి

ప్రజాస్వామ్యంలో పేదల ఓట్లే ఎక్కువ కాబట్టి సంపన్నులపై పన్నులు పెరుగుతూ పోవాలి కదా అన్న ప్రశ్న పాతదే. 1981లో అలన్ మెల్ట్‌జర్, స్కాట్ రిచర్డ్ అనే ఆర్థికవేత్తలు దీనికి లెక్క కట్టారు. సమాజంలో సరిగ్గా మధ్యలో ఉన్న ఓటరు ఆదాయం సగటు ఆదాయం కంటే తక్కువైతే, పన్ను వేసి అందరికీ సమానంగా పంచడం అతనికి లాభం. ఈ తేడా పెరిగేకొద్దీ పంపకం కోరేవాళ్లు కూడా పెరగాలి.

భారతదేశానికి ఈ లెక్క వర్తింపజేస్తే ఫలితం ఆశ్చర్యంగా ఉంటుంది. ఫ్రెంచ్ ఆర్థికవేత్త థామస్ పికెటీ సహా నలుగురు పరిశోధకులు 2024 మార్చిలో విడుదల చేసిన అంచనాల ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయి. సగటు ఆదాయాన్ని అందుకోవాలంటే మనిషి దాదాపు పై పది శాతంలోకి చేరాలి. అంటే లెక్క ప్రకారం పది మందిలో తొమ్మిది మందికి పంపకం వల్ల లాభమే.

ఈ అంచనాలతో అందరూ ఏకీభవించరు. ఆదాయం బదులు ఇంటి ఖర్చును కొలిస్తే భారత్ బాగా సమానత్వం ఉన్న దేశాల జాబితాలో కనిపిస్తుంది. 2025లో కేంద్రం ప్రచారంలో పెట్టిన 25.5 అనే గిని సూచిక (అసమానతను సున్నా నుంచి వంద దాకా కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత సమానత్వం) అలా వచ్చిందే. పేదవాడు సంపాదించిందంతా ఖర్చు చేస్తాడు, ధనవంతుడు కొంతే ఖర్చు చేసి మిగతాది దాచుకుంటాడు. అందుకే ఖర్చును బట్టి చూస్తే అంతరం ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఏ కొలత తీసుకున్నా, సగటు కంటే కింద ఉన్నవాళ్లే ఎక్కువన్న సంగతి మారదు. మరి వాళ్లంతా సంపన్నులపై పన్ను ఎందుకు అడగడం లేదు?

అందరూ మధ్యతరగతే

మొదటి కారణం, తామెక్కడ ఉన్నామో మనుషులు సరిగా అంచనా వేయలేకపోవడం. 2022 మేలో ప్రధాని ఆర్థిక సలహా మండలి విడుదల చేసిన అసమానతల నివేదిక ప్రకారం నెలకు 25,000 రూపాయల జీతం వస్తే చాలు, దేశంలో సంపాదించేవాళ్లలో పై పది శాతంలో ఉన్నట్టే. హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఆ మాట చెబితే నమ్మడం కష్టం. అద్దె, ఫ్లాట్ ఈఎంఐ, పిల్లల స్కూల్ ఫీజు కట్టాక చేతిలో ఏమీ మిగలని మనిషి తనను సంపన్నుడిగా ఎలా అనుకుంటాడు? అతను పోల్చుకునేది పక్క ఫ్లాట్ వాళ్లతో, ఆఫీసులో పై మేనేజరుతో. ఆదిలాబాద్ కూలీ అతని పోలికలోకి రాడు.

కింద కూడా ఇదే జరుగుతుంది. ఊళ్లో మూడెకరాలున్న రైతు తనను పేదవాడిగా చెప్పుకుంటాడు, కానీ దేశంలో తన కింద ఇంకా ఎంతమంది ఉన్నారో ఊహించలేడు. బ్యూనోస్ ఐరిస్‌లో జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, తమను ఉన్నదానికంటే పై మెట్టులో ఊహించుకున్న కుటుంబాలకు అసలు స్థానం చెప్పగానే పేదలకు ప్రభుత్వ సాయం పెరగాలనే కోరిక పెరిగింది. స్వీడన్‌లో దీనికి భిన్నమైన సంగతి బయటపడింది. అక్కడ చాలామంది తమను ఉన్నదానికంటే కిందనే ఊహించుకున్నారు. నిజం తెలిశాక వారిలో కొందరు, ముఖ్యంగా మితవాద పక్షం వైపు ఉన్నవారు, పంపకానికి మరింత దూరం జరిగారు. అంటే నిజం తెలిస్తే ఎటు కదులుతారన్నది ఎటు పొరబడ్డారన్న దాన్నిబట్టి ఉంటుంది. సమాచారం ఇస్తే చాలు, జనం మారిపోతారనుకోవడం సరికాదు.

రెండోది ఆశ. 1973లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ ఒక పోలిక చెప్పారు. సొరంగంలో రెండు వరుసల్లో వాహనాలు ఆగిపోయాయి. పక్క వరుస కదిలితే మొదట మనకు సంతోషమే, మన వంతూ వస్తుందని. ఎంతసేపటికీ మన వరుస కదలకపోతే అప్పుడు కోపం మొదలవుతుంది. తెలుగు ఊళ్లలో ఈ ఆశకు గట్టి పునాదే ఉంది. ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన పిల్లవాడు దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ కనిపిస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ దారిని మరిన్ని ఇళ్లకు తెరిచింది. రేపు మా ఇల్లూ అక్కడికి చేరుతుందనుకునే కుటుంబం, ఆ స్థాయి వాళ్లపై పన్ను వేయమని ఇవాళ అడగదు. అయితే హిర్ష్‌మన్ ఇంకో మాట కూడా అన్నారు. కదులుతున్న వరుసలో ఉన్నవాళ్లు పరాయివాళ్లనిపిస్తే ఆ ఓపిక తొందరగా అయిపోతుంది. కులాల వారీగా విడిపోయిన సమాజంలో దీని అర్థం వివరించి చెప్పనక్కర్లేదు.

కనిపించే పన్ను, కనిపించని పన్ను

అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది.

2022-23లో దాదాపు 7.40 కోట్ల మంది ఆదాయ పన్ను రిటర్నులు దాఖలు చేస్తే, అందులో 5.16 కోట్ల మందికి కట్టాల్సిన పన్ను సున్నా అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నిజంగా కట్టినవాళ్లు రెండు కోట్ల పైచిలుకు. 140 కోట్ల జనాభాలో ఇంత కొద్దిమందే పన్ను కడుతున్నారన్న మాట అక్కడి నుంచే వస్తుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేయడంతో ఈ సంఖ్య ఇంకా తగ్గే అవకాశం ఉంది.

జీతగాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. వాళ్ల పన్ను జీతం చేతికి రాకముందే కోతపడుతుంది, దాచడానికి వీలుండదు. వ్యాపారికి ఆ సౌలభ్యం ఉంది. వ్యవసాయ ఆదాయం ఎంత పెద్దదైనా కేంద్ర ఆదాయ పన్ను పరిధిలోకే రాదు. కాబట్టి సంపన్నులంతా పన్ను కడుతున్నారనీ చెప్పలేం, కడుతున్నవాళ్లంతా సంపన్నులనీ చెప్పలేం.

కానీ "పన్ను కట్టేవాళ్లు" అంటే ఆదాయ పన్ను కట్టేవాళ్లే అనుకోవడం పెద్ద పొరపాటు. 2024-25లో జీఎస్టీ స్థూల వసూళ్లు 22.08 లక్షల కోట్ల రూపాయలు. అదే ఏడాది కంపెనీల పన్ను, వ్యక్తుల ఆదాయ పన్ను అన్నీ కలిపిన నికర ప్రత్యక్ష పన్నుల వసూళ్లు కూడా దాదాపు అంతే. సబ్బు, చెప్పులు, సెల్‌ఫోన్ రీచార్జ్, మోటార్ సైకిల్ కొన్న ప్రతి మనిషీ జీఎస్టీ కడుతున్నాడు. ఆ పన్ను ధరలో కలిసిపోయి ఉంటుంది. కిరాణా కొట్టులో బిల్లే ఇవ్వని చోట అది ఉందని కూడా తెలియదు. ఆదాయంలో వాటాగా చూస్తే, సంపాదించినదంతా ఖర్చయిపోయే ఇంటిపైనే ఇలాంటి పన్ను బరువు ఎక్కువ.

రాష్ట్రాల ఖజానా దగ్గరికి వస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదు. దాని చేతిలో ఉన్నవి జీఎస్టీలో తన వాటా, మద్యంపై ఎక్సైజ్, వ్యాట్, పెట్రోలు, డీజిల్‌పై వ్యాట్, స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను. ఇవి చాలకపోతే అప్పులు, భూముల వేలం. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికినప్పుడు ఆ డబ్బు చేరింది కూడా ప్రభుత్వానికే. సాయంత్రం పని దిగి క్వార్టర్ సీసా కొనే మేస్త్రీ తన కూలిలో ఎంత వాటా పన్నుగా కడుతున్నాడో లెక్కేస్తే, చాలామంది ఉద్యోగుల ఆదాయ పన్ను శాతం దాని ముందు చిన్నదే అవుతుంది.

మరి హైదరాబాద్ ఉద్యోగి కట్టిన ఆదాయ పన్ను ఎటు పోతుంది? అది కేంద్రానికి వెళుతుంది. పంచాల్సిన పన్నుల మొత్తంలో 41 శాతం రాష్ట్రాలన్నిటికీ ఇవ్వాలని, కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల వాటాలు సూచించే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫారసు చేసింది. అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే ఆ కాలంలో పంచే మొత్తంలో ప్రతి వంద రూపాయలకు తెలంగాణకు చేరేది సుమారు 86 పైసలు, ఆంధ్రప్రదేశ్‌కు ఒక రూపాయి 66 పైసలు. పన్నుపై కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి అసలు రావు. "నా ట్యాక్స్ డబ్బుతో ఉచిత బస్సు నడుపుతున్నారు" అన్న మాటలో కోపం నిజమైనదే, దారి మాత్రం తప్పు. ఆ బస్సులో ఎక్కిన మహిళ ఇంటివాళ్లు కట్టే డీజిల్ వ్యాట్, మద్యం ఎక్సైజ్, జీఎస్టీ ఆ ఖర్చుకు చాలా దగ్గరగా ఉన్నాయి.

మరో సంగతి కూడా ఈ చూపుకు అందదు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నట్టు ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు పెరుగుతాయన్నది దాని వెనుక వాదన. ఆ వాదన సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అయితే వదులుకున్న ఆదాయాన్ని ఎవరూ పథకం అనరు. దాని కోసం క్యూలో నిలబడ్డ మనిషి ఫొటో పేపర్లో రాదు. కాబట్టి అది జనం తూకంలోకే రాదు.

ఎవరికి ఇవ్వాలి?

పంపకంపై అభిప్రాయాన్ని శాసించే మరో ప్రశ్న, తీసుకునేవాడు దానికి అర్హుడా అన్నది. ఆర్థికవేత్తలు ఆల్బెర్టో అలెసినా, ఎడ్వర్డ్ గ్లేజర్ బృందం 2001లో అమెరికా, ఐరోపాలను పోల్చినప్పుడు సర్వేల్లో పెద్ద తేడా కనిపించింది. పేదలు సోమరులని అమెరికన్లలో 60 శాతం మంది అంటే, ఐరోపావాసుల్లో అలా అన్నవాళ్లు 26 శాతమే. పేదరికం ఊబి లాంటిదని, అందులోంచి బయటపడలేరని నమ్మేవాళ్ల శాతం ఇందుకు దాదాపు తలకిందులు. పేదలు తమ జాతివాళ్లు కారనుకున్న చోట సాయానికి మద్దతు తగ్గుతుందని కూడా వాళ్లు తేల్చారు.

మన దగ్గర అర్హత కొలిచే తూకం కొంచెం వేరు. వృద్ధులు, వితంతువులు, దివ్యాంగుల పింఛన్లపై ఎవరూ గొంతెత్తరు. రైతుకు ఇచ్చేదాన్ని కూడా అంతగా తప్పుపట్టరు. అన్నం పెట్టేవాడు, కష్టం చేసేవాడు అన్న గౌరవం దానికి కవచం. 2018 మేలో మొదలైన రైతుబంధు విషయంలో ఆ గౌరవమే లెక్కను కప్పేసింది. ఎకరాకు సీజన్‌కు మొదట 4,000, తర్వాత 5,000 రూపాయలు. భూమిపై పరిమితి పెట్టలేదు. రెండెకరాల రైతుకు ఏడాదికి 20,000, ఇరవై ఎకరాల ఆసామికి రెండు లక్షలు, ఆ పొలాన్ని నిజంగా దున్నే కౌలు రైతుకు సున్నా. లబ్ధిదారుల్లో చిన్న, సన్నకారు రైతులే ఎక్కువ. అయినా పథకం రూపాన్ని చూస్తే, ఉన్న భూమికి తగ్గట్టు ఇవ్వడం అసమానతను ఉన్నచోటే ఉంచడం. దీనిపై విమర్శ వచ్చింది గానీ "ఉచితాలు" అన్న ముద్ర మాత్రం ఉచిత బస్సుకు, బియ్యానికి పడినంతగా దీనికి పడలేదు. 2025 జనవరి 26న రైతు భరోసాతో పాటే భూమిలేని కూలీ కుటుంబాలకు ఏటా 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టడం ఆ లోటును కొంత ఒప్పుకున్నట్టే.

పోచంపల్లి నుంచి గ్యాస్ సబ్సిడీ దాకా

ఇష్టంతో ఇచ్చేదానికీ చట్టంతో తీసుకునేదానికీ మధ్య జనం పెట్టే తేడా మన చరిత్రలో బాగా కనిపిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటం చివరి దశలో, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. దేశవ్యాప్తంగా లక్షల ఎకరాలు దానంగా ప్రకటించారు. వాటిలో చాలా భాగం సాగుకు పనికిరానివి, లేదా పంచడమే జరగనివి. అయినా ఆ ఉద్యమానికి దక్కిన గౌరవం చట్టాలకు దక్కలేదు. 1975 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ సంస్కరణల చట్టం మాగాణిపై 10 నుంచి 27 ఎకరాలు, మెట్టపై 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. చట్టం రాకముందే భూములు బంధువుల పేర్ల మీదికి, బినామీల పేర్ల మీదికి మారిపోయాయి. దాన్ని ఊళ్లు తెలివిగానే చూశాయి, తప్పుగా చూడలేదు.

నలభై ఏళ్ల తర్వాత ఇదే ధోరణిని ప్రభుత్వం తెలివిగా వాడుకుంది. 2015లో వంటగ్యాస్ సబ్సిడీ వదులుకోమని అడిగితే కోటికి పైగా కుటుంబాలు వదులుకున్నాయి. ఎవరూ బలవంతం చేయలేదు. వదులుకున్న సబ్సిడీ పేదింటి పొయ్యికి వెళుతుందని చెప్పారు, వదులుకున్నవాళ్ల పేర్లు కూడా ప్రకటించారు. ఇచ్చేవాడికి మర్యాద దక్కింది, డబ్బు ఎటు పోతుందో కళ్లకు కట్టింది. పన్నుకు ఈ రెండూ ఉండవు.

పాత వారసత్వ పన్ను ఎందుకు నిలవలేదో కూడా ఇక్కడ అర్థమవుతుంది. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ గరిష్ఠ రేటు 85 శాతం దాకా వెళ్లింది. 1985లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ దాన్ని రద్దు చేసేటప్పటికి వచ్చే ఆదాయం ఏటా 20 కోట్లు మాత్రమే, దానితో పోలిస్తే వసూలు ఖర్చు ఎక్కువ. సంపద పన్ను కథా అంతే. 2013-14లో 1,008 కోట్లు తెచ్చిన ఆ పన్నును 2015 బడ్జెట్‌లో తీసేసి, కోటి దాటిన ఆదాయాలపై రెండు శాతం అదనపు సర్‌చార్జీ పెట్టారు. రేట్లు భయపెట్టేవి, రాబడి చిల్లర. పెద్దవాళ్లు ఎలాగూ తప్పించుకుంటారు, దొరికేది మనమే అన్న నమ్మకం ఇలాంటి అనుభవాల వల్లే గట్టిపడింది. పన్నుల ద్వారా పంపకానికి పేరు పొందిన స్వీడన్ కూడా 2004లో, అదీ వామపక్షం వైపు ఉండే సోషల్ డెమొక్రాట్ల పాలనలోనే, వారసత్వ పన్ను ఎత్తేసింది. మినహాయింపు పరిమితి తక్కువ కావడంతో మామూలు ఇంటి యజమానుల మీదా అది పడింది, కోటీశ్వరులకేమో తప్పించుకునే దారులు దొరికాయి.

అందరికీ ఇస్తే ఎందుకు నిలుస్తుంది?

అదే స్వీడన్‌లో విలువ ఆధారిత పన్ను 25 శాతం. జనం దాన్ని భరిస్తారు, ఎందుకంటే బడి, వైద్యం, పిల్లల సంరక్షణ మధ్యతరగతికి కూడా అందుతాయి. పేదలకే అని గిరిగీసిన పథకాలకు కాలక్రమంలో నిధులు, రాజకీయ అండ రెండూ తగ్గుతాయని వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మే అనే పరిశోధకులు 1998లో చూపించారు.

తమిళనాడు రేషన్ దాదాపు అందరికీ తెరిచి ఉంచడం, తెలుగు రాష్ట్రాల్లో 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం ఎన్టీఆర్ తర్వాత కూడా ఏదో ఒక రూపంలో బతికి ఉండటం ఈ కోవలోవే. తెల్లకార్డులు విస్తారంగా ఇవ్వడాన్ని అవకతవకగా చూసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ విస్తృతి వల్లే ఏ ప్రభుత్వమూ బియ్యం పథకాన్ని ఎత్తేయలేకపోయింది. ఆరోగ్యశ్రీకి కూడా అదే బలం. ఇప్పుడు కేంద్రం 81 కోట్లకు పైగా జనానికి ఐదు కిలోల ఉచిత ధాన్యం ఇస్తున్నా దానిపై పెద్ద వ్యతిరేకత లేకపోవడానికి కారణం ఇదే.

ముందు ఏం జరగొచ్చు?

పన్ను కట్టేవాళ్ల సంఖ్య తగ్గేకొద్దీ వాళ్ల గొంతు తగ్గదు, ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. బరువు కొద్దిమంది మీదే ఉందన్న భావన వాళ్లలో ముదురుతుంది. మరోవైపు 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు తగ్గించడంతో కనిపించని పన్ను కొంత దిగింది, కానీ రాష్ట్రాల రాబడిపైనా ఒత్తిడి పెరిగింది. పథకాలు ఆపలేని ప్రభుత్వాలు మద్యం, భూముల వేలం, అప్పుల మీద ఇంకా ఆనుకుంటాయి. ఈ మూడింటిలో మొదటిది కూలీ జేబులోంచి, మూడోది రేపటి పన్నుల్లోంచి వస్తుంది. అంటే పేదలకు ఇస్తున్నదాంట్లో గణనీయమైన భాగం పేదలు, దిగువ మధ్యతరగతి వాళ్లు కట్టిందే అవుతుంది. పైవాళ్ల నుంచి కిందివాళ్లకు పంపకం అనుకున్నది చాలావరకు కిందివాళ్ల మధ్యే తిరుగుతుంది.

సంపన్నులపై పన్ను గురించిన చర్చ మళ్లీ వస్తే అది రేటు దగ్గర మొదలైనప్పుడల్లా 2024లోలాగే మంగళసూత్రం దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో ఇలియానా కుజీమ్‌కో తదితరులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, అసమానతల గురించి ఎంత చెప్పినా జనం పన్నుల అభిప్రాయం పెద్దగా మారలేదు. చనిపోయినవారి ఆస్తిపై వేసే ఎస్టేట్ పన్ను విషయంలో మాత్రం, అది ఎంత కొద్దిమందికి వర్తిస్తుందో చెప్పగానే మద్దతు బాగా పెరిగింది. మీ ఇల్లు, మీ బంగారం దీని పరిధిలోకి రావని చట్టంలోనే కచ్చితమైన అంకెతో చెప్పగలిగిన ప్రతిపాదన ఇప్పటివరకు భారత్‌లో ఏ పెద్ద పార్టీ నుంచీ రాలేదు. అలాంటిది ముందుకు వచ్చేదాకా పార్టీల పోటీ ఖర్చు వైపే సాగుతుంది. తెల్లకార్డుకు ఒక మెట్టు పైన, 12 లక్షల గీతకు చాలా కింద ఉన్న కుటుంబం పథకం అందక, పన్ను మినహాయింపుతో ఒరిగేదీ లేక, ప్రతి కొనుగోలుపై పన్ను కడుతూ ఈ లెక్కలో బయటే ఉండిపోతుంది.